రుమాలు కింద మాట

"చెప్పినవా బిడ్డా?"

"చెప్పలే కాకా."

"చెప్పకు."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. చొప్పదండి అంగడిలో మిరపకాయల కుప్పల దగ్గర ఎదురుపడ్డాం. కాక ఎడ్ల దిక్కు పోయాడు, నేను ఉప్పు కొనుక్కుని ఇంటికి వచ్చాను. మళ్ళీ అంగడి నాటికి ఆయన లేడు.

కాక అడిగింది మా లారీ సంగతి. మా ఇంటాయన పోయిన తర్వాత లారీని కాక చేతనే అమ్మించాను. ఎంతకు పోయిందో ఎవరికైనా చెప్పానా అని ఆయన అడగడం, చెప్పలేదని నేననడం. ఆరేళ్ళుగా మాకు అదే రాం రాం, అదే దండం.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా బావ కోడలు రాస్తోంది. బావ అంటే మా ఇంటాయనకు అన్న. కోడలు బడిలో పంతులమ్మ. కలం పట్టగానే, "కాక పేరు ఏమని రాయాలె చిన్నత్తా?" అని అడిగింది.

"పేరువెట్టి ఎవ్వలు పిలిచిన్రు పిల్లా? కాక అనే రాయి."

ఆయన ఎడ్ల దళారి. సన్నగా, వంగకుండా, తాటికమ్మలా ఉండేవాడు. నెత్తిన ఎర్ర రుమాలు చుట్టేవాడు. విప్పితే మనిషి పొడుగు ఉండేది. ఎద్దు మూతి పట్టి, పెదవి పైకెత్తి, పళ్ళు చూసి వయసు చెప్పడం ఆయన పని. నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది, పళ్ళు అరిగినది. ఇంతా చేసి ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. "నా వయసు యముడు గూడ చెప్పలేడు బిడ్డా, చూస్తందుకు పండ్లేవి?" అని బోసినోటితో నవ్వేవాడు.

ఎడ్ల బేరంలో ధర నోటితో అనరు. దళారి తన రుమాలు విప్పి చేతి మీద కప్పుకుంటాడు. కొనేవాడు దాని కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకుంటాడు. ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత. చుట్టూ నిలబడ్డ జనానికి రుమాలు కదలడం తప్ప ఏమీ కనబడదు. ఎద్దు ఎంతకు పోయిందో అమ్మినవాడికి, కొన్నవాడికి, దళారికి తప్ప నాలుగోవాడికి తెలియదు. అది రుమాలు కింద మాట. బయటికి రాకూడదు.

అందరు దళారులూ అంగట్లోనే ఈ నియమం పాటిస్తారు. కాకకు అది ఒంటికి పట్టింది. ఎక్కడా, ఏ పనికీ, ఆయన నోటి వెంట అంకె రాదు. కరీంనగర్ బస్సులో కండక్టరు ఎన్ని టికెట్లని అడిగితే రుమాలు కప్పి వాడి చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళు నొక్కాడు. కండక్టరు కెవ్వుమన్నాడు. ఇంట్లో కాకమ్మ "ఎన్ని రొట్టెలు?" అనాలంటే ముందు చెయ్యి చాపేది. పెళ్ళైన నాటి నుంచి వాళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని బతికింది రొట్టెల లెక్క కోసమేనని మేం ఆడవాళ్ళం నవ్వుకునేవాళ్ళం. కాకమ్మ మాత్రం, "మీ మొగోళ్ళు పండుగకన్న పట్టుకుంటరా?" అని మా నోళ్ళు మూయించేది.

ఇంకో గుణం ఉంది. "దోషం ముందట, ధర ఎన్క" అనేవాడు. ఎద్దుకున్న వంకలన్నీ, ఒంటి మీది చెడ్డ సుడితో సహా చెప్పిన తర్వాతే రుమాలు విప్పేవాడు. మా ఊళ్ళో ఒక పిల్లకు పెళ్ళిచూపులైతే, పెద్దమనిషి కదా అని కాకను కూర్చోబెట్టారు. పిల్లవాడి తరఫున మాట్లాడమంటే ఆయన లేచి, "పోరడు మంచోడే. ఒడ్డు పొడుగు ఉన్నడు. మెడ గట్టిగున్నది, కాడి మోస్తడు. గని పొద్దుగూకితె కల్లు దిక్కు గుంజుతడు. సుడి అటున్నది" అన్నాడు. పిల్లవాడి మేనమామ చెప్పు వెతుక్కున్నాడు. పెళ్ళైతే ఆగలేదు గాని, కాకను మళ్ళీ ఎవరూ పెళ్ళిచూపులకు పిలవలేదు.

ఇప్పుడు లారీ. పోలీసు యాక్షన్ అయినాక మిలటరీ వాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తే మా ఇంటాయన చిన్నదొకటి పాడుకున్నాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్క తొట్టి. పత్తి వేసుకుని భైంసా పోయేవాడు, భైంసా నుంచి జొన్నలో, పల్లీలో వేసుకుని వచ్చేవాడు. పదేళ్ళకు పైగా అదే తోవ. పత్తి తక్కువ ఉన్న రోజు నన్నూ ఎక్కించుకునేవాడు. స్టీరింగు చక్రం ముందు గాజుబిళ్ళ వెనకాల ఎన్ని మైళ్ళు తిరిగిందో చూపించే అంకెలు ఐదు ఉండేవి. అవి తిరుగుతుంటే చూపించి నాకు అంకెలు నేర్పాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా నేను చదువుకున్న బడి అదే. తమాషా చూడండి. కాక నోటికి అంకె రాదు, నాకు అంకెలు తప్ప అక్షరం రాదు.

ఒకసారి నిర్మల్ గట్టు దిగుతుంటే ఐదు తొమ్మిదులు కనబడ్డాయి. మా ఇంటాయన బండి ఆపి, "చూడు, ఇప్పుడు ఇది మళ్ల పుడ్తది" అన్నాడు. మెల్లగా ముందుకు పోనిచ్చాడు. తొమ్మిదులన్నీ ఒక్కసారి దొర్లి ఐదు సున్నాలయ్యాయి. లక్ష మైళ్ళు. గట్టు కింద దుకాణంలో జిలేబీ కొనిపెట్టాడు. లారీ ముందు భాగం మీద కూడా ఒక చుట్ట పెట్టాడు. ఆ తర్వాత పదకొండు వేల మైళ్ళు నడిపాడు. జ్వరం వచ్చి తొమ్మిది రోజులు మంచం మీదుండి పోయాడు.

ఏడాది పాటు లారీ వాకిట్లో నిలబడింది. కోళ్ళు పొదిగాయి. మా బావ మూడుసార్లు వచ్చి, "నీకెందుకు పరేషాని, బండి నేను తీసుకుంట. నువ్వు మా ఇంట్లనే ఇంత తిని ఉండరాదు?" అన్నాడు. ఆయన ఇస్తానన్నది వింటే కోళ్ళు కూడా నవ్వుతాయి. లారీ ఆయన చేతికి పోతే నా పొయ్యి కూడా పోతుందని నాకు తెలుసు. మా తోటికోడలు పెట్టే కంచం ముందు చెయ్యి కడుక్కుని కూర్చోవాలి. నాకు రెండు పాడి బర్రెలు కావాలి. నా పొయ్యి నేను ముట్టించుకోవాలి. బయటి బేరగాళ్ళు ఇద్దరు వచ్చారు గాని, "అది మనిషిని మింగిన బండి" అని ఎవరో చెవిలో వేస్తే వాకిట్లోకి రాకుండానే తిరిగిపోయారు. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు.

ఇక్కడ కోడలు కలం ఆపింది. "మా మామనా? గిట్ల రాయాల్నా చిన్నత్తా?"

"రాయి. నీ మామ దోషం గూడ ముందుగాల చెప్పాలె గద."

అప్పుడు నేను కాక ఇంటికి పోయాను. లారీ అమ్మిపెట్టమంటే ఆయన, "గడ్డి తిననిదాన్ని నేనెన్నడు అమ్మలే బిడ్డా" అన్నాడు. అన్నాడు గాని మర్నాడు పొద్దున వచ్చాడు.

లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చక్రం పైని మడ్డీగాడు రేకు మీద అరచేత్తో చరిచి చెవి పెట్టి విన్నాడు. ఒక్కో చక్రం దగ్గర కూర్చుని గిట్టలు చూసినట్టు చూశాడు. హారను నొక్కితే కోళ్ళు ఎగిరి పడ్డాయి. "అరుపు మంచిగున్నది" అన్నాడు. అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు.

"పండ్లేవి?"

లోపలికి ఎక్కించి అంకెలు చూపించాను. జిలేబీ కథ చెప్పాను. కాక ఆ గాజుబిళ్ళను వేలితో తట్టి చూసి, "అంటే పండ్లన్ని రాలి మళ్ల మొలిచినయన్నట్టు" అన్నాడు.

"ఔ కాకా. కొనెటోళ్ళు చూస్తె పదకొండు వేలే అనుకుంటరు. నాకు, పోయిన మీ అల్లునికి తప్ప ఎవ్వలకు తెల్వది."

"ఇప్పుడు నాకు తెలిసె."

"నువ్వు చెప్పకుంటె ఏమైతది?"

"ఏం గాదు, బండి పోతది. గని వచ్చే అంగడి నాడు నేను ఎద్దు మూతి పట్టుకుంటె అది నన్ను చూసి నవ్వుతది."

నాకు కోపం వచ్చింది. ఏడాదిగా కోళ్ళగూడైన బండికి దేవుడే పళ్ళు మళ్ళీ మొలిపిస్తే, ఈ బోసినోటి ముసలాయనకు కడుపుమంట ఎందుకు? ఆ మాట అనేశాను కూడా. కాక పట్టించుకోలేదు. చింతగింజలు తెమ్మన్నాడు. అరుగు మీద మూడు కుప్పలు పోశాడు. "గిది పాత ఇనుము కొనెటోడు ఇచ్చేది. గిది మీ బావ ఇస్తనన్నది." బావ కుప్ప ఇనుము వాడి కుప్ప కంటే చిన్నది. తర్వాత మూడో కుప్పలో ఒక్కొక్క గింజ వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "గంత తిరిగిన కాళ్ళకు న్యాయమైన ధర గింత. గీడికి వస్తె అమ్ముదం. ఇంట్ల అమ్మితె ఇంటోళ్ళ ధర, అంగట్ల అమ్మితె అంగడి ధర. అంగడికి గుంజుకపోదం. కొంగున పిడికెడు గింజలు కట్టుకొని రా." ఎందుకో చెప్పలేదు.

అంగడి రోజు లారీకి రెండు జతల ఎడ్లు కట్టించి చొప్పదండికి తోలించాడు. రెండు మైళ్ళూ జనం వెంట నడిచారు. ఎడ్ల వరసలో దాన్ని నిలబెట్టి, ముందు కమ్మికి తలుగు తాడు వేసి గుంజకు కట్టేశాడు. అటుపక్క ఒక కోడె, ఇటుపక్క ఒక ముసలి ఎద్దు, మధ్యలో మా లారీ. మెడలో బంతిపూలు. సిగ్గుతో నా తల నేలకు వంగింది.

భైంసా పత్తి వ్యాపారి సాబ్ ఒకాయన వచ్చాడు. ఎడ్లు కొనడానికి అటు పోయేవాళ్ళతో కాకే కబురు పంపాడు. సాబ్ తెల్ల పైజామాలో, పెద్ద పొట్టతో, నవ్వు మొఖంతో ఉన్నాడు. తాడుకు కట్టేసిన లారీని చూసి, "క్యా కాకా, ఊరికె పారిపోతదనా?" అన్నాడు.

"కొత్త జాగ సాబ్, బెదురుతది" అన్నాడు కాక.

జనంలో నుంచి మా బావ ముందుకు వచ్చాడు. "సాబ్, నా తమ్ముడు పోయిండు గీ బండివల్లనే. మనిషిని మింగిన బండి. తర్వాత నన్ను అనొద్దు."

కాక ఆయన్ని నెమ్మదిగా చూశాడు. "గంత కీడు బండిని నువ్వు కొంటనని ఎన్నిమాట్ల అడిగినవ్ పటేలా?" అంటూ రుమాలు కొస కప్పి మూడు వేళ్ళు బావ చేతిలో నొక్కాడు. చూసినవాళ్ళకు రుమాలు మూడుసార్లు కదలడం బాగానే కనబడింది. జనం గొల్లుమన్నారు.

ఇక కాక దోషాలు మొదలుపెట్టాడు. "సాబ్, చలికి పొద్దుగాల లేపితె తంతది. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు పైలం. ఎడమ కన్ను గుడ్డి, లైటు ఎలగదు. గట్టు ఎక్కేటప్పుడు నీళ్ళడుగుతది, తాపకుంటె మొండికేస్తది."

"అంతేనా?"

"ఇంకోటి ఉన్నది. గని అది అంకె. నా నోటికి అంకె రాదు. బండిగలామె చెప్తది."

కొంగు నోట్లో పెట్టుకుని కాక వైపు చూశాను. ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు, వర్షం వస్తుందా రాదా అన్నట్టు. సాబ్ అప్పటికే గాజుబిళ్ళలోకి తొంగి చూసి, "పదకొండు వేలు! జవాన్ బండి" అని సంబరపడుతున్నాడు. ఊరుకుంటే బర్రెలు రెండు కాదు, నాలుగు వస్తాయి. నా కళ్ళ ముందు నాలుగు బర్రెలూ నిలబడి మేత నెమరేస్తున్నాయి. పక్కనున్న ముసలి ఎద్దు నా దిక్కు చూసింది. నాకు అది నవ్వుతున్నట్టే అనిపించింది.

"ముందట ఒకటి ఉన్నది సాబ్, కనవడది" అన్నాను. "లక్ష తిరిగి సున్నాలైంది. గవి అటెన్కటి పదకొండు వేలు."

మా బావ తొడ చరుచుకుని, "అయిపాయె! ఇగ నాకే ఇయ్యి" అన్నాడు.

సాబ్ మాత్రం లారీని మళ్ళీ కొత్తగా చూశాడు. "లక్షా? భైంసా నుంచి మక్కాకు ఎన్నిసార్లు పోయిరావచ్చు కాకా?" అని నవ్వాడు. హ్యాండిలు పట్టుకుని, బొటనవేలు జాగ్రత్తగా బయట పెట్టి, తిప్పాడు. రెండోసారికి తన్నింది. మూడోసారికి లేచి, తొట్టి కింద దాగిన కోడిపుంజును బయటికి తరిమి, గుడుగుడుమంటూ నిలబడింది. సాబ్ చెవి పెట్టి విని, ఆపేసి, చేతులు దులుపుకున్నాడు. "కరీంనగర్ల నాలుగు బండ్లు చూసిన. అన్నిటికి ఇరవై వేలే అన్నరు. అందరి బండ్లు కలిసి ఒక్కరోజే పుట్టినయో ఏమో! లక్ష అన్నది నువ్వొక్కదానివే అమ్మా. దాచెటిది ఇంకేం ఉంటది? రుమాలు తియ్యి కాకా."

అప్పుడు మళ్ళీ చిక్కు వచ్చింది. రుమాలు కింద ఆడదాని చెయ్యి పెట్టడం ఎక్కడా లేదు. ఆడవాళ్ళ ఎద్దు అమ్మితే ఇంటి మగవాడు చెయ్యి ఇస్తాడు. మా బావ అంగీ చెయ్యి పైకి మడిచి, "మా ఇంటి బేరం, చెయ్యి నేనిస్త" అని వచ్చేశాడు. ఆ చెయ్యి రుమాలు కిందికి పోతే నా పొయ్యి ఆరినట్టే.

"ఎద్దు నీదా?" అన్నాడు కాక.

"కాదు."

"బండి నీదా?"

"తమ్మునిది."

"మరి చెయ్యి నీదెట్లయితది?" అంటూ నా వైపు తిరిగి, రుమాలు నా ఒడిలో పరిచాడు. "గింజలు తియ్యి బిడ్డా."

అప్పుడు అర్థమైంది, వేళ్ళకు బదులు గింజలు. కొంగు కింద గింజలు లెక్కపెట్టి రుమాల్లో వేసి మడిచి ఇచ్చాను. కాక గుడ్డ మీదుగా వేళ్ళతో తడిమి, దాన్ని సాబ్ చేతి కిందికి తీసుకుపోయాడు. సాబ్ కొన్ని తీశాడు. రుమాలు మళ్ళీ నా దగ్గరకు వచ్చింది. ఒకటి వేశాను. పోయింది, వచ్చింది. మా బావ మెడ కొంగ మెడలా సాగింది గాని ఎర్ర గుడ్డ తప్ప ఏం కనబడలేదు.

చివరిసారి వచ్చినప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది. నిజం చెప్పాను కదా, దానికి కూలి ఉండదా? మూడు గింజలు ఎక్కువ వేశాను. కాక తడిమాడు. బోసినోరు అటూ ఇటూ కదిలింది. రుమాలు లోపల వేళ్ళు ఏదో చేశాయి. తర్వాత అందరూ వినేలా, "బిడ్డా, నీయి గింజలు కింద పడ్డయ్, పైలం" అని రెండు నా అరచేతిలో పడేశాడు. వంగి, నాకొక్కదానికే వినబడేటట్టు, "గివి నీ ఆశయి. లోపల ఉన్నది మా అల్లుని చెమటది, అది ఉండనీ" అన్నాడు.

సాబ్ ఆ ఒక్క గింజనూ తియ్యలేదు. చెయ్యి మీద చెయ్యి పడింది.

అయిపోయిందనుకున్నాం. సాబ్ హ్యాండిలు తీసుకోబోతే కాక అడ్డం పడ్డాడు. "తలుగు ఇయ్యరాదు." ఎద్దును అమ్మినా దాని తాడు అమ్మరు. తాడుతో పాటు ఇంటి లక్ష్మి పోతుందని మా దిక్కు నమ్మకం. కొన్నవాడు కొత్త తలుగు తెచ్చుకోవాలి.

"అరె, హ్యాండిలు తలుగెట్లయితది? అది లేకుంటె బండి లేస్తదా?"

"తలుగు లేకుంటె ఎద్దు వస్తదా? కమ్మరి కొలిమి గా మూల మీదనే ఉన్నది సాబ్. కొత్తది కొట్టిస్తడు."

సాబ్ అల్లాను తలుచుకున్నాడు, తర్వాత నవ్వాడు, చక్రం ముందు కూర్చున్నాడు. అంగడి అంగడంతా వెనకాల చేతులు పెట్టి నెట్టింది. మా బావ ఊరికే నిలబడితే కాక, "పటేలా, మీ ఇంటి బండి, సాగనంపవా?" అన్నాడు. అందరి ముందు ఆయన కూడా నెట్టాల్సి వచ్చింది. సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే పొగగొట్టం. లారీ దగ్గి, తన్ని, లేచింది. బావ తెల్ల ధోతి మసిబొగ్గయింది.

రెండు బర్రెలు కాకే ఇప్పించాడు, వాటి వంకలు కూడా చెప్పే. ఒకటి పొద్దున పాలు పిండబోతే తన్నేది. దానికి లారీ అని పేరు పెట్టుకున్నాను. హ్యాండిలు ఇప్పటికీ నా తలుపు వెనక ఉంది, రాత్రి గడియకు అదే అడ్డం. కాక ఎప్పుడు వచ్చినా ముందు దాన్ని చేత్తో తాకి, తర్వాత పొయ్యి దిక్కు చూసి, నిప్పు కనబడితేనే మంచినీళ్ళు అడిగేవాడు. ఆయన పోయిన కబురు తెలిసి వాళ్ళింటికి వెళితే కాకమ్మ ఏడవడం లేదు. కుడిచెయ్యి ఒడిలో ఊరికే చాపుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆ చేతిని పట్టుకున్నాను. అంతకంటే ఏం చెప్పను.

ఈ ఆరేళ్ళలో మా బావ ఎన్ని తీర్ల అడిగాడో. బర్రెల ఖరీదు అడిగి లారీ లెక్క కూడి చూశాడు. భైంసా పోయి సాబ్‌నే అడిగాడు. సాబ్ చాయ్ తాగించి పంపాడు. ఇప్పుడు మంచం మీద ఉన్నాడు, అన్నం పెట్టే కోడలిని అడుగుతున్నాడు.

"అవుగని చిన్నత్తా, ఎంతకు పోయింది?" అంది కోడలు, కలం పట్టుకునే.

"నిన్ను గీ రాతకు కూసుండవెట్టింది మీ మామనే గద?"

అది నవ్వింది. కాదనలేదు.

"నేను మాటల మీద పడితె వశం తప్పుత. కాక ఉంటె ఆయనే అడుగుతుండె. ఇగ అడిగెటోళ్ళు లేరు. మొదటి సంది చదువు బిడ్డా, అంకె వచ్చిన కాడ ఆపుకుంట చదువు. చెప్పిన్నా?"